పూసకూ పూసకూ మధ్య ముడి

ఏటికొప్పాక లక్క పూసల దండలో మొదట కంటబడేది రంగు, ఆ తర్వాత నునుపు. రెండు పూసల నడుమ ఒదిగి కూర్చున్న చిన్న ముడి చాలామంది చూపుకు ఆనదు. దండ మెడ మీద ఎలా వాలుతుందో, ఎంతకాలం చెక్కుచెదరకుండా ఉంటుందో చాలావరకు తేల్చేది ఆ ముడే.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఈ ఊరికి పేరు తెచ్చినవి లక్క బొమ్మలు. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఆ బొమ్మలతోనే ఢిల్లీ వీధిలో సాగింది. బొమ్మలు, కుంకుమ భరిణెలు, గాజులు చేసే పద్ధతిలోనే పూసలూ తయారవుతాయి. ఇందుకు వాడే అంకుడు కర్ర తెల్లగా, మెత్తగా ఉండి ఉలికి లొంగుతుంది. బాగా ఆరిన కర్రను లేతు మీద తిప్పుతూ గుండ్రంగా చెక్కుతారు. తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి చెక్కకు పట్టుకుంటుంది. ఆపైన ఎండిన మొగలి ఆకుతో ఒత్తితే మెరుపు వస్తుంది. ఇంత పనిలో కుంచె అవసరమే లేదు. పసుపు, నీలి, జాఫ్రా గింజల వంటి సహజ రంగులను ఈ లక్కలోకి మళ్లీ తెచ్చిన ఏటికొప్పాకవాసి సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ లభించింది.

ఇలా వచ్చిన లక్క పొర నునుపైనదే కానీ పెళుసు. పూసలు ఒకదాన్నొకటి తాకుతూ ఊగితే అంచుల దగ్గర రంగు పెచ్చులుగా లేస్తుంది. ముడి వాటిని ఎడంగా ఉంచుతుంది. హైదరాబాదు ముత్యాల దండల్లోనూ ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేయడానికి కారణం ఇదే. ముడి వల్ల మరో మేలు కూడా ఉంది. దారం తెగితే జారిపోయేది ఒకటో రెండో గాని దండంతా కాదు.

ముడి వేయడంలో నేర్పంతా అది ఎక్కడ బిగుస్తుందన్న దానిలో ఉంది. పూసను ఎక్కించాక దారంతో వదులుగా ఉచ్చు వేసి, ఆ ఉచ్చులోకి సూది దూరుస్తారు. సూది మొనతో ఉచ్చును పూస అంచుదాకా నెట్టి, దారాన్ని లాగుతూ సూదిని తప్పిస్తారు. అప్పుడు ముడి పూసను ఆనుకుని బిగుస్తుంది. సూది ముందే జారితే ముడి మధ్యలో పడి, పక్కన ఖాళీ దారం కనిపిస్తుంది. ఒకసారి బిగిశాక విప్పడం కష్టం, విప్పినా దారం నలుగుతుంది. ముడి రంధ్రం కంటే పెద్దదిగా లేకపోతే పూస దాన్ని మింగేస్తుంది. అందుకే పూసకు రంధ్రం వేసేటప్పుడే ఏ మందం దారం ఎక్కించాలో ఆలోచించాలి. నైలాన్ దారం నున్నగా ఉండి ముడి జారుతుంది. మైనం పట్టించిన నూలు తాడు ముడిని గట్టిగా పట్టి ఉంచుతుంది, చెక్క పూసకు చూపులోనూ అదే నప్పుతుంది.

ముడే అలంకారమయ్యే పద్ధతీ ఒకటుంది, అది మాక్రమే అనే తాళ్ల అల్లిక. నడిమి తాళ్లను కదలనీయకుండా పట్టి, రెండు పక్కల తాళ్లతో వాటి చుట్టూ ముడి వేస్తారు. ఒకసారి ఎడమ నుంచి, మరోసారి కుడి నుంచి వేస్తూ పోతే చదునైన పట్టీ వస్తుంది. ఎప్పుడూ ఒకే పక్క నుంచి వేస్తే పట్టీ తనంతట తానే మెలి తిరుగుతుంది. నడిమి తాడుకు పూస ఎక్కించి, పక్క తాళ్లను దాని చుట్టూ తిప్పి మళ్లీ ముడి వేస్తే, పూస చట్రంలో బిగించినట్టు నిలుస్తుంది.

మంచి పనిని గుర్తించాలంటే దండను ఒక కొసన పట్టుకుని వేలాడదీసి చూడాలి. ముడులు సమంగా ఉంటే అది ఎక్కడా విరగకుండా నిటారుగా దిగుతుంది. మరీ బిగించి ఉంటే కర్రలా నిక్కి, మెడ దగ్గర వంగనంటుంది. దారం రంగూ గమనించదగ్గదే. పూస రంగులోనే ఉంటే ముడులు కలిసిపోతాయి. ముదురు ఎరుపు పూసల మధ్య పచ్చని దారం వేస్తే ముడులే చిన్న పూసల్లా పలుకుతాయి. ఆ ధైర్యం చేసిన దండలో ప్రతి లోపమూ బయటపడుతుంది, కాబట్టి ఎక్కువ మెప్పు దానికే చెందాలి.

చివర కొక్కెం బదులు జారుముడులు వేసే పద్ధతీ ఉంది. రెండు కొసలనూ ఎదురెదురుగా పెట్టి, ఒక్కొక్కదాన్ని రెండోదాని చుట్టూ ముడి వేస్తారు. ముడులను దగ్గరకు జరిపితే దండ పొడవవుతుంది, ఎడంగా లాగితే పొట్టిదవుతుంది. కొసలు జారిపోకుండా ఒక్కో చిన్న పూస ఎక్కించి, దాని కింద గట్టి ముడి వేస్తారు.