డ్రైవరు రచన: తొలి మెట్టు

కంప్యూటరునకు ప్రింటరును తగిలించినంతనే అది అచ్చువేయదు. ఆపరేటింగ్ సిస్టమునకును ఆ యంత్రమునకును నడుమ దుబాసివలె ఒక ప్రోగ్రాము నిలువవలెను. దానినే డ్రైవరందురు. ఈ వృత్తిని కోరు యువతీయువకులు, "అనుభవము లేనిదే ఉద్యోగము లేదు, ఉద్యోగము లేనిదే అనుభవమెట్లు?" అని మమ్ము నడుగుచుందురు.

మేము చూపు మార్గమొకటి కలదు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ కెర్నెలు సోర్సు కోడు ఎల్లరకును తెరచియున్నది. అందు సగమునకు మించి డ్రైవర్లే. 2008లో దానికి 'స్టేజింగ్' అను విభాగము చేరినది. ఇంకను పరిపక్వము కాని డ్రైవర్లు అందుండును. మిగిలిన పనుల పట్టికలును ఉండును. సీ భాష చక్కగా నేర్చి, అందొక చిన్న లోపమును సవరించి, పరీక్షించి, నిర్వాహకుల పరిశీలనకు పంపవలెను. వారు త్రిప్పి పంపినచో నొచ్చుకొనరాదు. ఆ విమర్శయే పాఠము.

ఇంత పరిశీలన యేల? సామాన్యమైన ప్రోగ్రాము తప్పినచో అది యొక్కటే ఆగును. కెర్నెలులోని డ్రైవరు తప్పినచో యంత్రమంతయు స్తంభింపవచ్చును. 2024 జూలై 19న ఒక భద్రతా సాఫ్ట్‌వేరు డ్రైవరునకు అందిన దోషపు ఫైలువలన సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నిలిచిపోయినవి, విమానములును ఆగినవి.

కావున తొందర వలదు. అంగీకృతమైన ప్రతి సవరణతోను రచయిత పేరు లినక్స్ చరిత్రలో నమోదగును. ఉద్యోగమిచ్చువారికి చూపదగిన యోగ్యతాపత్రమదియే.