తీరిక లేనోళ్ళు నవల రాస్తే

(హైదరాబాదు ఫిల్మ్‌నగర్ బస్తీలో, ఊళ్ళ నుంచి వచ్చిన కార్యకర్తల సమావేశంలో, షూటింగుల్లో గిన్నెలు కడిగే ఒక అక్క చేసిన ప్రసంగ పాఠం. ఆమె మాట్లాడిన తీరును వీలైనంత వరకు అట్లాగే ఉంచాం. పేరు వేయొద్దన్నది.)



నాకు మైకు కొత్త. మైకున్న కాడ నోరు మూసుకోవడమే నా అలవాటు. ఎందుకో చెప్తాను.

నేను షూటింగుల్లో ప్రొడక్షన్ పని చేస్తాను. తెరమీద పేరు పడే ప్రొడక్షన్ కాదు. యూనిట్ తిన్న ప్లేట్లు, టీ గ్లాసులు, కూర గిన్నెలు కడిగే పని. పొద్దున మూడున్నరకు లేస్తాను. నాలుగున్నరకు కృష్ణానగర్‌లో బండి ఎక్కాలి. టిఫిన్ గిన్నెలు అయ్యేసరికి టీ, టీ అయ్యేసరికి అన్నం, అన్నం అయ్యేసరికి మళ్ళీ టీ. ఇంటికొచ్చేసరికి ఎనిమిది. ఔట్‌డోర్ అయితే ఇక లెక్కే లేదు. చదువు పదో తరగతి, సాంఘిక సంక్షేమ హాస్టల్లో. ఇట్లాంటి మనిషి మొన్న ఒక నవల రాసిందని చెప్తే మా వీధిలో సగం మంది నవ్వారు. మిగతా సగం మంది ‘నవల అంటే సినిమా కథేనా, ఎంతకమ్మినవ్?’ అనడిగారు. ఫిల్మ్‌నగర్ కదా.

ఈ ఆలోచన నాది కాదు. మా బస్తీలో డిగ్రీ చదివే ఒక పిల్ల చెప్పింది. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో దిక్కు 1999లో క్రిస్ బేటీ అనే ఆయనా, ఆయన స్నేహితులూ కలిసి 21 మంది ఒక పందెం పెట్టుకున్నారట. నెల రోజుల్లో నవల రాయాలి. 50,000 మాటలు. అంటే రోజుకు 1,667 మాటలు. బాగుందా బాగాలేదా అన్న పంచాయితీ తర్వాత, ముందు అయిపోవాలి. మరుసటి ఏడు నుంచి నవంబరు నెల ఖాయం చేసుకున్నారు. అది దేశదేశాలకు పాకి లక్షల మంది రాసే పండుగయింది. దాన్ని నడిపిన సంస్థ మూసేస్తున్నామని 2025 మార్చిలో ప్రకటించింది. సంస్థ పోతే పోయింది, పందేనికి లైసెన్సు అక్కర్లేదు కదక్కా అన్నది ఆ పిల్ల.

నలుగురం అయ్యాం. నేను, ఆ పిల్ల, ఒక లైట్‌మన్ తమ్ముడు, చెక్‌పోస్ట్ కాడ ఆటో నడిపే ఒకన్న. మాటలు ఎవరు లెక్కపెడతారు? పైగా ఇంగ్లీషులో మూడు మాటలయ్యేది మనకు ‘ఇంట్లో’ అంటే ఒక్క మాటలో అయిపోతుంది. వాళ్ళ లెక్క మనకు కుదరదు. అందుకని పొడుగు నోటుబుక్కు లెక్క పెట్టుకున్నాం. 200 పేజీలు, 30 రోజులు. రోజుకు ఏడు పేజీలు రాస్తే నిండుతుంది. మొదలు 2025 ఆగస్టు 1.

నవంబరు దాకా ఎందుకు ఆగలేదంటే మా అమ్మ వల్ల. ఆమెకు దమ్ము. కంకర దుమ్ము, మట్టి దుమ్ము, సిమెంటు దుమ్ము అంతా ఆ ఛాతీలో ఉంది. రాత్రి పడుకోలేదు, గోడకానుకుని కూర్చుంటుంది. జూబ్లీహిల్స్ అంతా బండలగుట్ట అయిన రోజుల్లో, నాకు ఊహ తెలియకముందు, పాలమూరు నుంచి లేబరు పనికి వచ్చిన మనిషి. ఇవాళ అద్దాల గేట్లు, కుక్కలకు వేరే గదులు ఉన్న ఇండ్ల కింద ఏ బండ ఎట్లా ఉండేదో, ఏ సందులో నీళ్ళు ఊరేవో ఆమెకు తెలుసు. అది ఏ రిజిస్ట్రీ కాగితంలోనూ లేదు. ఆమె తలకాయలో ఉంది. వచ్చే ఏడు చూద్దాంలే అనుకుంటే వచ్చే ఏటికి అడగడానికి మనిషి ఉంటదో లేదో.

ఇంకో సంగతి కూడా ఉంది. నేను పని చేసే చోట కథలే పంట. ఆ పంటలో మన చేను మీద మనకు పట్టా ఉండదు. 1938లోనే గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ సినిమా తీశాడు, కథ చలం రాశాడు. దానికంటే ముందు 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ నవల అచ్చయింది. ఆయన దాన్ని జైల్లో ఉండి రాశాడు, తెల్లదొరల సర్కారు నిషేధించింది. మంచి మనసుతోనే రాశాడు, నేను కాదనను. ఆయన తీరిక జైల్లో దొరికింది. మనవాళ్ళు కూడా జైళ్ళకు పోయారు గానీ కాగితం, కలం ఎంతమందికి దక్కింది? దేవపుత్ర ‘పంచమం’, కళ్యాణరావు ‘అంటరాని వసంతం’, వేముల ఎల్లయ్య ‘కక్క’ నా చేతికి వచ్చేసరికి నాకు ముప్పై దాటింది. ‘కక్క’ చదువుతుంటే మా అమ్మ మాట్లాడినట్టే ఉంది. అచ్చులో అట్లా కూడా మాట్లాడొచ్చా అనుకున్నాను.

సరే, రోజుకు ఏడు పేజీలు ఎక్కడ దొరికినయో చెప్తాను, మీరు అడగబోయేది అదే కదా.

షూటింగ్‌లో టేక్ ముందు ‘సైలెన్స్’ అని అరుస్తారు. అప్పుడు జనరేటర్ కాడ ముచ్చట్లు ఆగిపోతాయి, మాకు గిన్నెల చప్పుడు ఆగిపోవాలి. చప్పుడయితే తిట్లు మాకే. చేతులు నీళ్ళలో పెట్టుకుని బొమ్మల్లాగ కూర్చుంటాం. ఒక టేక్ రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. హీరో మాట తప్పితే మళ్ళీ టేక్. ఇన్నేళ్ళు ఆ నిమిషాలు నన్ను నోరు మూయించిన నిమిషాలు. ఇప్పుడు చేతులు కొంగుకు తుడుచుకుని, కూరగాయల గంప బోర్లించి దాని మీద నోటుబుక్కు పెట్టాను. వాళ్ళ సైలెన్స్‌లో నా మాటలు. ఎవరో పెద్ద నటుడు ఒకే డైలాగు పదకొండు సార్లు తప్పాడు ఒకరోజు, నాకు పేజీన్నర అయింది. ఆయనకు మనసులో దండం పెట్టుకున్నాను.

అసలు కిటుకు రాసేటప్పుడు లేదు, కడిగేటప్పుడు ఉంది. గిన్నెలు తోమేటప్పుడు చేతులకే పని, బుర్రకు పని లేదు. తర్వాత రాయాల్సింది అప్పుడే గొంతులో అనుకుంటాను. సందు దొరికేసరికి వాక్యం తయారుగా ఉంటుంది. కలం పట్టుకుని ఏం రాద్దామా అని ఆకాశం చూసే సౌకర్యం మనకు లేదు. సెట్లో మూడు పేజీలు, బండిలో ఒకటి, రాత్రి అమ్మ పక్కన కూర్చుని మూడు. ఫోన్‌లో మాట్లాడితే అదే టైపు చేస్తుందన్నాడు లైట్‌మన్ తమ్ముడు. చేసి చూశాను. నా మాట దానికి అర్థం కాలేదు, పంతులు మాటలు రాసింది. మూసేశాను.

మొదటి మూడు రోజుల్లో 22 పేజీలు. ఆగస్టు 4న షూటింగులు బంద్. మన ఫెడరేషన్ 30 శాతం కూలి పెంపు అడిగింది, సమ్మె 18 రోజులు సాగింది. ఆ ఆటో అన్న అన్నాడు, ‘అక్కా నీ అదృష్టం, పద్దెనిమిది రోజులు ఖాళీ, నవల ఒడిసినట్టే’ అని. నేనూ అట్లాగే అనుకున్నాను. ఆ 18 రోజుల్లో ఎన్ని పేజీలు రాశానో తెలుసా? పంతొమ్మిది. రోజుకొకటి. పని లేని రోజు తీరిక రోజు కాదు అన్నలారా. పని లేని రోజు అంటే కిరాణా కొట్టు ముందు నుంచి తలకాయ దించుకుని పోయే రోజు. ఫెడరేషన్ ఆఫీసు కాడికి పోయి ఏమైందని కనుక్కునే రోజు. జూబ్లీహిల్స్‌లో ఏ ఇంట్లోనైనా పది రోజులు అంట్లు తోమే పని ఉందా అని వాచ్‌మన్‌ను బతిమాలే రోజు. నోటుబుక్కు తెరిస్తే అందులో అప్పు లెక్క కనబడేది. ఆగస్టు 21న ఒప్పందం కుదిరింది, మూడేళ్ళలో 22.5 శాతం. 22 నుంచి సెట్లోకి పోయాం. ఆ రోజు రాత్రికి ఎనిమిది పేజీలు రాశాను. కూలి ఖాయమయితేనే మాట వస్తుందని నాకు అప్పుడు తెలిసింది. సంఘం లేకుండా నవల కూడా లేదు.

ఆగస్టు 30కి చూసుకుంటే 101 పేజీలు. అంటే పందెం ఓడిపోయాం. పిల్ల ఒక్కతే 200 దాటించింది, దానికి ఇంకా పెండ్లి కాలేదు కాబట్టి అని మేం ఏడిపించాం. లైట్‌మన్ తమ్ముడు నలభై కాడ ఆగిపోయాడు, రాత్రి షూటింగులు పడ్డాయి. అయినా ముగ్గురం ఆపొద్దు అనుకున్నాం.

ఇప్పుడు చెప్పేది చెప్పాలా వద్దా అని రాత్రంతా ఆలోచించాను. సెప్టెంబరు మొదటి వారంలో నా బిడ్డ స్కూల్ నుంచి కబురొచ్చింది. తొమ్మిదో తరగతి. క్లాసులో నిద్రపోతోంది. ఏమైందే అంటే మాట్లాడదు. మా అమ్మ చెప్పింది. పొద్దున నాలుగింటికి నల్లా నీళ్ళు బిడ్డ పడుతోంది. రాత్రి నేను రాస్తుంటే అన్నం వండేది, గిన్నెలు కడిగేది బిడ్డ. అర్ధరాత్రి అమ్మమ్మకు దమ్ము వస్తే వీపు రాసేది బిడ్డ. నేను దొరల సైలెన్స్‌లోంచి దొంగిలించాననుకున్నాను, సగం నా బిడ్డ నిద్రలోంచి దొంగిలించాను. పైగా ఆమె రాసే దాని పేరేమిటి? హోంవర్క్.

నాలుగు రోజులు పుస్తకం ముట్టలేదు. ఐదో రోజు ఇంట్లోనే మీటింగు పెట్టాను. నీళ్ళు మా ఆయన పట్టాలి, రాత్రి అన్నం ఆయనే పెట్టాలి. నాకు రాదన్నాడు. నాకు నవల కూడా రాదు, నేర్చుకుంటున్నా అన్నాను. మొదటివారం అన్నం మెత్తగా అంబలి లెక్క అయింది, తిన్నాం. లైట్‌మన్ తమ్ముని తల్లి ఆదివారాలు మా అమ్మ కాడ కూర్చుంటానన్నది.

ఇక్కడ కవిత్వాలు, కరపత్రాలు రాసే అన్నలు చాలామంది ఉన్నారు. కోపం చేయొద్దు. మీరు రాసిన రాత్రులు మీ ఇంట్లో నీళ్ళు ఎవరు పట్టారో ఒకసారి అడిగి తెలుసుకోండి. మహారాష్ట్రలో ఫల్టణ్ అనే ఊళ్ళో బేబీ కాంబ్లే అనే మన అంబేద్కర్ ఉద్యమంలో పెరిగిన అమ్మ, చిన్న కిరాణా కొట్టు నడుపుకుంటూ, గిరాకీ లేని సమయంలో తన బతుకును, మహర్‌వాడ బతుకును రాసింది. రాసింది మొగునికి కనబడకుండా దాచింది. ఇరవై ఏళ్ళు దాచింది! 1980లలో అచ్చయింది. ఢిల్లీ పక్కన గుర్గావ్‌లో ఇంటిపని చేసే బేబీ హాల్దార్‌కు ఆ ఇంటి పెద్దాయన నోటుబుక్కు, కలం ఇచ్చి రాయమన్నాడు. ఆయన ప్రేమ్‌చంద్ మనుమడు. పిల్లలు పడుకున్నాక రాసింది, 2002లో హిందీలో పుస్తకమయింది. అట్లాంటి యజమాని ఎంతమందికి దొరుకుతాడు? జూబ్లీహిల్స్ ఇండ్లల్లో పనిచేసే మన అక్కలు వేలమంది ఉన్నారు. యజమాని ఇచ్చేదాకా ఆగకుండా ఆ నోటుబుక్కు మనమే కొని ఇద్దాం.

రాసిన పేజీలు రోజూ రాత్రి మా అమ్మకు చదివి వినిపించేదాన్ని. ఆ పందెం రూలు ప్రకారం నెల అయ్యేదాకా తప్పులు దిద్దొద్దు. మా అమ్మకు ఆ రూలు తెలియదు. ఒకరోజు మంచి ఊపు మీద రాశాను, మా అమ్మ సమ్మెట పట్టి జూబ్లీహిల్స్ బండలు పగలగొట్టిందని. చదువుతుంటే నాకే కండ్లల్లో నీళ్ళు వచ్చాయి. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

‘గది నేను కాదు బిడ్డా. బండ పగలగొట్టింది వడ్డెరోళ్ళు. మేం కంకర మోసినం, మట్టి మోసినం. ఒకల చెమట మన పేరు మీద రాసుకోవద్దు. మనకు చేసింది మనం చేస్తమా?’

నాలుగు పేజీలు అడ్డంగా కొట్టేశాను. లెక్కలోంచి తీసేశాను కూడా. ఆ రాత్రి ఆమె వడ్డెరోళ్ళ సంగతులు చెప్పింది. బండకు ఉలితో వరసగా గుంటలు పెట్టడం, లోపల చీలిక ఎటు పోతదో చెవి పెట్టి వినడం. నా నవలలో నాకు నచ్చిన పేజీలు అవే, అవి నావి కావు.

ఎంగిలిపూల బతుకమ్మ ముందు రోజు, సెప్టెంబరు 20న, 200వ పేజీ అయింది. ముప్పై కావాల్సింది యాభైయొక్క రోజులు పట్టింది. అయితే నోటుబుక్కు అయిపోయింది గానీ కథ అయిపోలేదు. నా కథలో బంగళాకు ఇంకా మొదటి స్లాబే పడింది. మా అమ్మను అడిగితే, ‘స్లాబు పడ్డంక కూలోళ్ళను లోపలికి రానియ్యరు, ఇంక నాకేం తెలుసు’ అన్నది. రెండో నోటుబుక్కులో ఆ లోపలి సంగతి రాయాలంటే ఆ ఇండ్లల్లో పనిచేసే అక్కలే చెప్పాలి. ఇద్దరు ఒప్పుకున్నారు, ఆదివారం మధ్యాహ్నాలు వస్తున్నారు. ఈసారి పేజీల లెక్క రోజుకు నాలుగే పెట్టుకున్నాం, నా బిడ్డను అడిగి పెట్టుకున్నాం.

ఊళ్ళల్లో మీకు సైలెన్స్ అని అరిచేవాడు ఉండడు. కానీ ఉపాధి పని కాడ కొలతల కోసం కూర్చునే గంట ఉంటది, ఆఫీసు ముందు సంతకం కోసం నిలబడే పూట ఉంటది. మీలో ఎవరన్నా మొదలుపెడితే మాకు కబురు పెట్టండి. మీరెన్ని పేజీలు, మేమెన్ని పేజీలు, లెక్క చూసుకుందాం.

సంఘం అన్నలు పది నిమిషాలు మాట్లాడమన్నారు, ఎక్కువే అయింది. ఇప్పుడు మొదటి పేజీ చదువుతాను. మా అమ్మ ముందు వరసలో కూర్చుంది, తప్పుంటే లేచి చెప్తుంది.

జై భీం.