ఇరవై నాలుగు బంతులు

 

2023 ఫిబ్రవరిలో మహిళల ప్రీమియర్ లీగ్ క్రికెట్ తొలి వేలంలో మన ఆదోని అమ్మాయి, ఎడమచేతి పేసర్ అంజలి శర్వాణిని యూపీ వారియర్జ్ 55 లక్షలకు తీసుకుంది. ఆ అంకె ఊరంతా చెప్పుకుంది. నాకు మాత్రం ఆమె మణికట్టు గురించి చెప్పాలని ఉంది.

ఎడమచేతి పేసర్ బంతి వదిలేటప్పుడు మణికట్టు సరిగ్గా బంతి వెనకే ఉండాలి. రవ్వంత పక్కకు వాలిందా, సీమ్ ఊగిపోతుంది, స్వింగ్ పోతుంది. కుదిరిందా, కుడిచేతి బ్యాటర్‌కు దూరంగా పోతున్నట్టే ఉన్న బంతి లోపలికి తిరిగి ప్యాడ్‌కు తగులుతుంది.   టీ20లో మన బౌలర్‌కు దక్కేవి మహా అయితే నాలుగు ఓవర్లు, 24 బంతులు. ఎమ్మిగనూరు మగ్గం మీద ఒక్క పంచె దిగాలంటే నాడె ఎన్నిసార్లు అటూఇటూ తిరగాలో, ఆ 24 బంతుల కోసం నెట్స్‌లో చేయి అన్నిసార్లు తిరగాలి.

అంజలి ఆంధ్రకు ఆడింది, రైల్వేస్‌కు ఆడింది. 2022 డిసెంబరు 9న నవీ ముంబయిలో ఆస్ట్రేలియా మీద భారత జట్టులో అడుగుపెట్టేసరికి ఆమెకు 25 ఏళ్లు. అప్పటిదాకా ఆ చేతిని నమ్ముకుని ఉండటమే నా దృష్టిలో అసలు ఘనత. 2025లో మహిళల ప్రపంచకప్ గెలిచిన భారత జట్టులో మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది. రాయలసీమ ఆడపిల్లలకు ఆదర్శంగా చూపడానికి ఇప్పుడు కనీసం ఇద్దరున్నారు.

ఈరోజు పట్టా పుచ్చుకున్న మీలో చాలామంది టీచర్లవుతారు. అమ్మానాన్న మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు సుగ్గికి వలస పోతే అవ్వ దగ్గర ఉండిపోయిన ఆడపిల్లలు మీ తరగతుల్లో ఉంటారు. బడి విడిచాక గ్రౌండ్ మగపిల్లలదే అనే అలవాటు మన ఊళ్లలో ఇంకా పోలేదు. అది చూస్తే నాకు కడుపు మండుతుంది. వారానికి రెండు సాయంత్రాలైనా ఆడపిల్లలకు గ్రౌండ్ ఇవ్వాలని పట్టుబట్టండి. ఒక నెట్, నాలుగు బంతులు, బట్టలు మార్చుకోవడానికి గడియ ఉన్న గది ఉంటే మొదలుపెట్టొచ్చు. ఎడమచేత్తో విసిరే పిల్ల కనబడితే మాత్రం, దయచేసి, చేయి మార్చుకోమని చెప్పకండి.