నీళ్ల తొట్టిలో కాన్పు



ఇయ్యాల మన పాఠం కాన్పు గురించి. మీలో ముగ్గుర్ని, నలుగుర్ని కన్న తల్లులున్నారు. మంత్రసాని పక్కన నిలబడి పురుళ్లు పోసిన అవ్వలున్నారు. నేను టీచరు ట్రైనింగు చదివిన పిల్లను. డాక్టరును కాను, నర్సును కాను. మరి ఈ పాఠం నేనెందుకు చెబుతున్నాను?

ఈ మధ్య ఫోన్లలో ఒక వీడియో తిరుగుతున్నది. మీలో చాలామంది చూశారు. ఒక తల్లి తన ఇంట్లోనే, తానం చేసే టబ్బులో కూర్చుని బిడ్డను కన్నది. బిడ్డ నీళ్లల్లోంచి పైకి వచ్చింది. కోత లేదు, కుట్లు లేవు. అది చూసి నిండు నెలల చెల్లె ఒకామె అడిగింది. "టీచరమ్మా! గోలెంలో వేడినీళ్లు పోసుకుని నేను కూడా అట్ల కనొచ్చా? దవాఖానకు పోతే పొట్ట కోస్తరు గదా!"

ఈ ప్రశ్నను నవ్వి వదిలేయవద్దు. దీని వెనుక ఒక భయం ఉన్నది. ఆ భయం ఉత్తది కాదు. అందుకే తెలిసినవాళ్లను అడిగాను, చదివాను. తెలుసుకున్నది మీకు చెబుతాను.

కోత భయం

2019-21లో దేశమంతటా కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. ఆ లెక్క ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు దవాఖానలోనే అవుతున్నాయి. ఇది మంచి మాట. కాని నూటికి 60 మందికి పైగా పెద్దాపరేషన్ అవుతున్నది. ఆ లెక్కలో దేశంలో ఏ రాష్ట్రంలోనూ ఇంత లేదు. ప్రైవేటు దవాఖానల్లోనైతే నూటికి 80 దాటింది.

అవసరమైనప్పుడు ఆపరేషన్ ప్రాణం పోస్తుంది. బిడ్డ అడ్డం తిరిగితే, మాయ కిందికి ఉంటే, ఆపరేషనే దిక్కు. కాని ఊళ్లో సగం మందికి పైగా తల్లులకు ఆ అవసరం వస్తుందా? రాదు. నూటికి 10 నుంచి 15 కంటే ఎక్కువ ఉండడానికి కారణం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే చెప్పింది.

కాబట్టి చెల్లె భయపడడంలో తప్పు లేదు. కాని ఆ భయానికి గోలెం మందు అవుతుందా? అది చూద్దాం.

నీళ్లు ఏం చేస్తాయి?

బాయిలో నీళ్లు చేదిన వాళ్లకు ఈ సంగతి తెలుసు. బొక్కెన నీళ్లల్లో ఉన్నంతసేపు బరువు తెలియదు. నీళ్లు దాటి పైకి రాగానే చెయ్యి గుంజుతుంది. మన ఒళ్లు కూడా అంతే. పొట్ట మునిగేదాకా నీళ్లల్లో కూర్చుంటే బరువు తేలిపోతుంది. నడుము తేలికపడుతుంది. అటు ఇటు తిరగడం సులువు అవుతుంది. గోరువెచ్చని నీళ్లకు బిగుసుకున్న కండ సడలుతుంది. నొప్పి పోదు గాని, ఓర్చుకునే బలం వస్తుంది.

ఇది కొత్త సంగతి కాదు. 1803లో ఫ్రాన్సు దేశంలో ఒక తల్లి రెండు రోజులు నొప్పులు పడిందట. సేద తీరడానికి వేడినీళ్ల తొట్టిలో దిగింది. అందులోనే కాన్పు అయింది. ఆ తర్వాత చాలా ఏళ్లు దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఫ్రాన్సులోనే మిషెల్ ఓడెన్ అనే డాక్టరు తన దవాఖానలో నొప్పులు పడే తల్లుల కోసం నీళ్ల తొట్టి పెట్టించాడు. అక్కడ నీళ్లల్లో జరిగిన 100 కాన్పుల గురించి 1983లో రాశాడు. అప్పటి నుంచి చాలా దేశాల్లో ఈ పద్ధతి వచ్చింది. మన హైదరాబాదులో ఫెర్నాండెజ్ ఆసుపత్రిలో కూడా నీళ్ల కాన్పులు చేస్తున్నారు.

అయితే డాక్టర్లందరిదీ ఒకే మాట కాదు. నొప్పులు పడేటప్పుడు నీళ్లల్లో ఉండడం మంచిదేనని చాలామంది ఒప్పుకుంటారు. బిడ్డ బయటికి వచ్చే గడియలో మాత్రం తల్లి నీళ్లల్లోంచి లేవాలని అమెరికా కాన్పు డాక్టర్ల సంఘం చెబుతున్నది.

బిడ్డ మునిగిపోదా?

చాలామందికి ఇదే అనుమానం. కడుపులో బిడ్డ ఉమ్మనీటిలోనే ఉంటుంది. ముక్కుతో గాలి పీల్చదు. బొడ్డు తాడు ద్వారా తల్లి నెత్తురు నుంచే దానికి కావలసిన ప్రాణవాయువు అందుతుంది. పుట్టిన బిడ్డ మొహానికి గాలి తగిలినప్పుడు మొదటి ఊపిరి తీసుకుంటుంది. అందుకే బిడ్డ నీళ్లల్లో పుట్టినా, వెంటనే మెల్లగా పైకి తీస్తే ఏమీ కాదు.

కాని కడుపులోనే బిడ్డకు ఊపిరి తక్కువ అయ్యిందనుకోండి. అప్పుడు అది నీళ్లల్లోనే గుటకలు వేస్తుంది. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బిడ్డ బాగుందా, అలసిపోయిందా అన్నది ఎట్ల తెలియాలి? దాని గుండె చప్పుడు గడియ గడియకూ వినాలి. ఆ పని నేర్చిన మనిషి పక్కన ఉండాలి. బిడ్డను గబుక్కున పైకి లాగితే బొడ్డు తాడు తెగవచ్చు. బిడ్డ నెత్తురు పోతుంది. అది కూడా తెలిసిన చెయ్యే చూసుకోవాలి.

వీడియోలో మనకు తల్లి కనబడుతుంది, బిడ్డ కనబడుతుంది. పక్కన ఉన్న నర్సు, ఆమె చేతిలోని యంత్రం, వాకిట్లో సిద్ధంగా ఉన్న బండి కనబడవు.

ఇంటి టబ్బుతో, గోలెంతో చిక్కేమిటి?

ఒకటి: నీళ్ల శుభ్రం. మన బోరు నీళ్లు, ట్యాంకు నీళ్లు తేటగా కనబడతాయి. కంటికి కనబడని క్రిములు అందులో ఉంటాయి. కాన్పు అప్పుడు మలం, మూత్రం కూడా ఆ నీళ్లల్లోనే కలుస్తాయి. ఇంగ్లండులో 2014లో ఒక ఇంట్లో వేడి తొట్టిలో కాన్పు అయింది. ఆ నీళ్లు రెండు వారాల ముందే నింపి, వేడిగా ఉంచారు. అందులో క్రిములు పెరిగి, పుట్టిన బిడ్డకు ఊపిరితిత్తుల జబ్బు పట్టింది. వెంటనే అక్కడి ఆరోగ్య శాఖ అట్లాంటి తొట్లు వాడొద్దని హెచ్చరించింది.

రెండు: నీళ్ల వేడి. నీళ్లు మన ఒంటి వేడిని మించవద్దు. మించితే తల్లికి కళ్లు తిరుగుతాయి, బిడ్డ గుండె దడదడలాడుతుంది. చల్లారితే పుట్టిన బిడ్డ చల్లబడిపోతుంది. అందుకే దవాఖానలో వేడి కొలిచే గాజు గొట్టం పెట్టి చూస్తారు. కాగులో నీళ్లు తెచ్చి పోసే ఇంట్లో ఆ వేడి ఎవరు సరిచూస్తారు?

మూడు: నెత్తురు. ఇది అన్నిటికంటే పెద్ద ఆపద. నిండు నెలల్లో గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా నెత్తురు పారుతుంది. కాన్పు కాగానే గర్భసంచి పిడికిలి లాగా ముడుచుకోవాలి. ముడుచుకోకపోతే నెత్తురు ఆగదు. కాన్పు తర్వాత అర లీటరు నెత్తురు పోతేనే ప్రమాదం అంటారు. నీళ్లల్లో ఎంత పోయిందో ఎట్ల తెలుస్తుంది? కొంచెం పోయినా నీళ్లన్నీ ఎర్రగానే ఉంటాయి, ఎక్కువ పోయినా ఎర్రగానే ఉంటాయి. తెలంగాణలో గర్భిణుల్లో సగానికి పైగా నెత్తురు తక్కువ ఉన్నవాళ్లే. అట్లాంటి తల్లి కొంచెం నెత్తురు పోయినా తట్టుకోలేదు. దవాఖానలో బిడ్డ పుట్టగానే గర్భసంచి ముడుచుకునే సూది వేస్తారు. ఇంట్లో ఆ సూది ఏది?

నాలుగు: బయటికి తీయడం. తల్లికి ఫిట్స్ వచ్చినా, సోయి తప్పినా ఆమెను వెంటనే పైకి లేపాలి. తానాల టబ్బు గోడకు ఆనుకుని ఉంటుంది. ఒక్క దిక్కు నుంచే చెయ్యి పెట్టగలం. లోతు ఉండదు, జారుతుంది. తడిసిన మనిషిని ఇద్దరు ఆడవాళ్లు ఎత్తలేరు. గోలెం సంగతి చెప్పనే అక్కరలేదు. దవాఖానలోని తొట్టి వేరు. దాని చుట్టూ మనిషి తిరగవచ్చు. తల్లిని ఎట్ల లేపాలో అక్కడివాళ్లు ముందే నేర్చుకుని ఉంటారు.

అక్కడ కూడా తల్లులందరినీ నీళ్లల్లో దింపరు. బీపీ ఉన్నా, కవలలు ఉన్నా, బిడ్డ ఎదురుకాళ్లతో ఉన్నా, నెలలు నిండకపోయినా, జ్వరం ఉన్నా దింపరు.

అవ్వల నాటి కాన్పు

"మేమంతా ఇంట్లోనే కన్నం గదా" అని అవ్వలు అంటారు. నిజమే. మంత్రసానులకు ఎంతో తెలివి ఉండేది. తల్లిని వెల్లకిల పండబెట్టక, గొంతు కూర్చోబెట్టేవారు. దూలానికి తాడు కట్టి పట్టుకోమనేవారు. నడుముకు వేడినీళ్ల కాపడం పెట్టేవారు. తల్లి తనకు నచ్చిన తీరున ఉండవచ్చని, మాలిష్, కాపడం మేలు చేస్తాయని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది. అవ్వల పద్ధతిలో మంచి ఉన్నది.

కాని బతికిన వాళ్లే మనకు కథ చెబుతారు. చనిపోయిన వాళ్లు చెప్పలేరు. 2004-06లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష మంది బిడ్డలు పుడితే 154 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి తెలంగాణలో ఆ లెక్క 43కు తగ్గింది. కొడవలితో బొడ్డు కోస్తే ధనుర్వాతం వచ్చి పసిబిడ్డలు పోయేవారు. టీకాలతో, శుభ్రమైన కాన్పులతో 2015లో మన దేశం ఆ గండం గట్టెక్కింది. వచ్చిన ఈ మేలును చేతులారా పోగొట్టుకోవద్దు.

మరి కోత లేకుండా కనే దారి ఏది?

దారి ఉన్నది. దవాఖానలోనే అవ్వల ఓపిక, నర్సు చదువు రెండూ కలిసిన మనిషి ఉంటే చాలు. ఆమెనే మిడ్‌వైఫ్ అంటారు. 2017లో మన ప్రభుత్వం యూనిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్ తోడ్పాటుతో కరీంనగర్‌లో 30 మంది నర్సులకు ఈ శిక్షణ మొదలుపెట్టింది. 18 నెలల చదువు. మరుసటి ఏడు, 2018లో, దేశమంతటికీ మిడ్‌వైఫ్ సేవల పద్ధతిని కేంద్ర ప్రభుత్వం రాసి ఇచ్చింది. మిడ్‌వైఫ్ తల్లిని నడిపిస్తుంది, కూర్చోబెడుతుంది, ధైర్యం చెబుతుంది. తొందరపడదు. ఆపద కనబడితే డాక్టరును పిలుస్తుంది.

మనకు దగ్గరలో కూడా దవాఖానలు పెరిగాయి. జనగామలో చంపక్ హిల్స్ మాతా శిశు దవాఖాన ఉన్నది. మానుకోటలో 2022లో, జనగామలో, భూపాలపల్లిలో 2023లో మెడికల్ కాలేజీలు వచ్చాయి. 2011 నుంచి సర్కారు దవాఖానలో కాన్పుకు, అవసరమైతే ఆపరేషన్‌కు కూడా పైసా కట్టనక్కర లేదు.

మనం ఏం చేయాలి?

నెల తప్పగానే ఆశ అక్కకు చెప్పి పేరు రాయించుకోవాలి. కనీసం నాలుగు సార్లు చూపించుకోవాలి. ప్రతి నెల 9వ తేదీన సర్కారు దవాఖానలో గర్భిణులను ప్రత్యేకంగా చూస్తారు. నెత్తురు, బీపీ చూపించుకుని, ఆ అంకెలు కార్డులో మీరే చదవాలి. ఇప్పుడు మీకు చదువు వచ్చింది గదా!

"నాకు మామూలు కాన్పు కావాలె. ఇక్కడ మిడ్‌వైఫ్ ఉందా?" అని ముందే అడగాలి. ఆపరేషన్ అంటే, "ఎందుకు?" అని అడగాలి. అడగడం మన హక్కు. కాన్పు గదిలో తోడుగా ఒక ఆడమనిషిని ఉంచుకునే వీలు 2016 నుంచి ఉన్నది. అత్తనో, అక్కనో వెంట తీసుకుపోండి.

వేడినీళ్లు కూడా మానుకోవద్దు. నొప్పులు అప్పుడే మొదలైతే, ఉమ్మనీరు పోకుండా ఉంటే, గోరువెచ్చని నీళ్లు చెంబుతో నడుం మీద పోయించుకోవచ్చు. తోడు మనిషి ఉండాలి. ఆ తర్వాత దవాఖానకు బయలుదేరాలి. ఉమ్మనీరు పోయినా, నెత్తురు కనబడినా, తల పగిలేంత నొప్పి ఉన్నా, కళ్లు మసకబారినా, బిడ్డ కదలిక తగ్గినా ఒక్క గడియ ఆగవద్దు. 108కి ఫోను చేయాలి.

వానాకాలం కాన్పు అయితే ఇంకా ముందే కదలాలి. 2023 జూలైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగిపోయింది. 2024 సెప్టెంబరు మొదట్లో మానుకోట దిక్కు ఆకేరు పొంగింది, కేసముద్రం దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి. అట్లాంటి నాడు బండి ఎట్ల వస్తుంది? వాగు అవతల తండాలో, గూడెంలో ఉండే తల్లి నెలలు నిండగానే దవాఖాన దగ్గరి చుట్టాల ఇంటికి చేరాలి.

అమ్మలారా! వీడియోలోని తల్లిని నేను తప్పు పట్టను. ఆమె కోరింది మనం కూడా కోరేదే. భయం లేని కాన్పు, మన మాట వినే మనిషి. అది గోలెంలో దొరకదు. నలుగురం కలిసి దవాఖానలో అడిగితే దొరుకుతుంది. అడుగుదామా?

మాట్లాడుకుందాం

1. మన ఊరి నుంచి కాన్పు దవాఖాన ఎంత దూరం? వాన పడితే దారి ఉంటుందా?
2. మన దవాఖానలో మిడ్‌వైఫ్ నర్సు ఉన్నదా? ఆశ అక్కను అడిగి రాయండి.
3. మన ఊళ్లో నిండు నెలల తల్లులు ఎందరు? వాళ్లకు ఈ పాఠం ఎవరు చదివి వినిపిస్తారు?