ఆపిల్ తోటకు ఎండ కాపుదల



ఆపిల్ చలిదేశపు చెట్టు. సాధారణ రకములకు శీతకాలమున 7 డిగ్రీలకు లోబడిన చలి సుమారు 1000 గంటలు కావలెను. హిమాచల్ ప్రదేశ్ రైతు శ్రీ హరిమన్ శర్మ రూపొందించిన హెచ్.ఆర్.ఎం.ఎన్.-99 రకమునకు అంత చలి అక్కరలేదు. హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞుల తోడ్పాటుతో ఆసిఫాబాద్ జిల్లా ధనోరాలో ఆపిల్ 2020లో కాపునకు వచ్చినది.

అయితే చలి కోరని చెట్టు ఎంత ఎండకైనను ఓర్చునని తలపరాదు. మైదానములలో ఈ రకము జూన్‌లో కోతకు వచ్చును. అనగా మే నెల ఎండలలో కాయ చెట్టుమీదనే ఉండును. నేరుగా ఎండ తగిలిన కాయ తొక్క, గాలికంటె 10 డిగ్రీలకు పైగా వేడెక్కును. ఆ వేడి 46 డిగ్రీలు దాటినచో మచ్చలు పడును. 52 వద్ద తొక్క మాడిపోవును. వాతావరణ మార్పువలన వడగాడ్పులు నానాటికి తీవ్రమగుచున్నవి.

కావున వేసవికి ముందే కాండములకు సున్నము పూయవలెను. పాదులలో ఎండుగడ్డిని, మొదలుకు తగులకుండ, నాలుగు అంగుళముల మందమున పరచవలెను. నీరు తెల్లవారుజామున పెట్టవలెను. పడమటి కొమ్మలను నరకరాదు. ఆకు నీడయే కాయకు గొడుగు. ఆ వైపున నీడవల కట్టుట మేలు.

కాచే మామిడిని కొట్టి ఆపిల్ నాటకుడు. ముందుగా పది మొక్కలు పెంచి, వాటి కాపు వేసవిని గట్టెక్కిన పిదపనే తోటను విస్తరింపుడు.