వింతమనిషి – ఊరి ధర్మము



ఒక పల్లెలో గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలిచినదనగా, ఆ పల్లెవారు ఇరువదియైదేండ్లుగా ఒకే బల్లచుట్టు కూర్చుండ నేర్చినారని యర్థము. అయినను ఆ బల్లకు దూరముగా గోడవారను నిలిచి, ఎవరితోను పలుకక, పత్రిక చూచి వెడలిపోవువారొకరు ప్రతి గ్రంథాలయమునను ఉందురు. నేటి ప్రసంగము అట్టివారిని గూర్చియే.

అట్టివానిని ఊరు సాధారణముగ రెండు తీరులనే చూచును. కొందరు పిచ్చివాడని నవ్వుదురు, పిల్లలు వెంటబడుదురు. మరికొందరు ఏదో మహిమ కలదని చేతులు మోడ్తురు. భాగవతమున జడభరతుని కథ అందరును విన్నదే. ఆయన లోకమునకు మందబుద్ధివలె కనబడగా, రహూగణ మహారాజు పల్లకిని ఆయనచే మోయించిరి. వేషమును బట్టి మనిషిని కొలువరాదని ఆ కథ చెప్పును. కాని వింతగానున్న ప్రతివాడును జడభరతుడు కాడు. లోలోపల భయముతో కుములువానికి రాయి విసరినను మేలు లేదు, మ్రొక్కినను మేలు లేదు.

ఇట్టి స్థితులలో ఒకదానికి వైద్యులు స్కిజోటైపల్ వ్యక్తిత్వ వైకల్యమని పేరిడిరి. 1908 లో స్విట్జర్లాండు వైద్యుడు ఆయ్‌గెన్ బ్లాయిలర్ తీవ్రమైన యొక మనోవ్యాధికి స్కిజోఫ్రెనియా అను పేరు పెట్టెను. ఆ వ్యాధి పైకి పొటమరింపక, దాని ఛాయలు మాత్రము కలవారు కొందరుందురని ఆయనయే గుర్తించెను. 1953 లో శాండర్ రాడో అను వైద్యుడు స్కిజోటైప్ అను మాటను వాడెను. 1980 లో అమెరికా మనోవైద్య సంఘము తన రోగనిర్ణయ గ్రంథమున దీనిని వ్యక్తిత్వ వైకల్యములలో చేర్చెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని స్కిజోఫ్రెనియా సంబంధమైన వ్యాధుల పట్టీలో ఉంచినది. అనగా హద్దు విషయమున పండితులకే ఏకాభిప్రాయము లేదు. రేపల్లె దాటి నిజాంపట్నము వైపు పోవువారికి మంచినేల ఎచట ముగిసి చౌడు ఎచట మొదలగునో సర్వేరాయి పాతి చూపుట కష్టము. స్వభావమునకును వ్యాధికిని నడుమనున్న నేలయు అట్టిదే.

ఈ దేశమునకు ఈ విచారము కొత్తది కాదు. చరకసంహిత ఉన్మాదమును వర్ణించుచు మనస్సు, బుద్ధి, స్మృతి, శీలము, చేష్ట, ఆచారము మొదలగు ఎనిమిది చెదరుటయే దాని స్వరూపమని చెప్పినది. మనసు చెదరుట ఒక్క రూపున ఉండదని పూర్వులు ఎరుగుదురు.

స్కిజోటైపల్ స్థితికి వైద్యులు తొమ్మిది లక్షణములు చెప్పుదురు. వానిలో ఐదైనను తొలియౌవనము నాటికే మొదలై నిలుకడగ ఉండవలెను. తెనాలి స్టేషనులో రైలుకై వేచియున్న యొక యువకుని ఊహింపుడు. అవతలి బెంచీమీద ఇద్దరు నవ్వుకొనిరి. అది తన్ను గూర్చియేనని అతడు తలచును. తాను మనసున అనుకొన్నందుననే ఫలానావారికి జబ్బు చేసినదని భయపడును. ఎవరును లేని గదిలో ఎవరో ఉన్నట్లు తోచును. అతని మాట చుట్టు తిరిగి వినువారికి అందదు. వేషము, నడత వింతగ ఉండును. పండుగనాడును ముఖమున సంతోషము కానరాదు. అందరియెడను అనుమానము. కన్నవారును తోబుట్టువులును తప్ప ఆప్తులు లేరు. ఇక తొమ్మిదవది, పదిమందిలో బెదురు. కొత్తవారియెడ బెదురు ఎవరికైనను కలుగును, పరిచయమైన కొలది తగ్గును. ఇతనికి పదేండ్ల పరిచయమైనను తగ్గదు. ఎదుటివారు కీడు తలపెట్టుచున్నారను శంకయే దానికి మూలము. అయినను స్కిజోఫ్రెనియాలోవలె భ్రమ అతనిని పూర్తిగా లోబరచుకొనదు. “ఇది నా ఊహయేమో” అని అతనికే ఒక్కొక్కప్పుడు తోచుట కలదు. సాయపడదలచినవారికి ఆ సందేహమే తలుపు.

ఇచట పల్లెవారికొక ప్రశ్న కలుగవచ్చును. పిల్లి ఎదురైన ఆగుట, బల్లిపాటునకు ఫలము చూచుట, దిష్టి తీయుట తెనాలి మొదలు రేపల్లె వరకు ఇంటింట ఉన్నవే. అట్లయిన అందరును రోగులేనా? కారు. సమాజమున పదిమందియు పంచుకొన్న నమ్మకము రోగలక్షణము కాదని వైద్యశాస్త్రమే చెప్పుచున్నది. బాపట్ల భావనారాయణస్వామి గుడిలో గంట మ్రోగగా నూరుగురు చేతులు జోడింతురు; ఆ నమ్మిక వారినొకచోట చేర్చును. ఆ గంట ప్రతిసారియు తనకొక్కనికే హెచ్చరిక చేయుచున్నదని ఒకడు వణికి, గుడికి పోవుట మాని, తలుపు మూసికొన్నచో, ఆ నమ్మిక అతనిని అందరినుండియు విడదీయుచున్నది. నమ్మకము నిజమా కాదా యను వాదము కంటె, అది మనిషిని జనము వైపు నడపుచున్నదా, ఒంటరి గదికి నడపుచున్నదా యని చూచుట ముఖ్యము.

మనిషి లోపలి నడకను గమనించుటకు తెలుగువారికి దారి చూపిన రచయితలలో త్రిపురనేని గోపీచంద్ (1910–1962) ఒకరు. ఆయన తండ్రి రామస్వామి తెనాలిలో సూతాశ్రమము నెలకొల్పి, ఆ పట్టణ పురపాలక సంఘాధ్యక్షులుగ పనిచేసిరి. గోపీచంద్ వ్రాసిన ‘అసమర్థుని జీవయాత్ర’ తెలుగున తొలి మనోవైజ్ఞానిక నవలగా పేరొందినది. అందలి సీతారామారావు జనమునకు దూరమై, తన యాలోచనలలో తానే చిక్కుకొని, తుదకు నశించును. కల్పిత పాత్రకు రోగనిర్ణయము చేయుట వైద్యము కాదు. కాని ఆ నవల చదివినవారు, వీథిలో గొణుగుకొనుచు పోవువాని లోపల ఎంతటి పోరాటము జరుగుచున్నదో కొంత ఊహింపగలరు.

దీనికి కారణము పూర్వజన్మ పాపము కాదు, చేతబడి కాదు. స్కిజోఫ్రెనియా ఉన్న కుటుంబముల దగ్గరి బంధువులలో ఇది హెచ్చుగ కనబడుటచే వంశపారంపర్యమునకు ఇందు పాలున్నదని తేలినది. బాల్యమున పడిన హింస, నిరాదరణ దానికి తోడుపడవచ్చును. వీరిలో పెక్కుమంది స్కిజోఫ్రెనియా వరకు పోరు. అయినను దిగులు వీరిని తరచుగ పట్టుకొనును. చాలమంది వైద్యుని వద్దకు వచ్చుట ఆ దిగులు కారణముననే. ఓర్పుతో నడపు సంభాషణ చికిత్స, అవసరమైనచో కొలదిపాటి మందు మేలు చేయును.

ఊరు తెలియక చేయు తప్పులు మూడు. పెండ్లి చేసిన కుదురుకొనునని తొందరించుట మొదటిది; దానిచే ఇద్దరు బాధపడుదురు. రెండవది, లోకజ్ఞానము లేనివాడని అతని వాటా భూమిని తమ పేర వ్రాయించుకొనుట. మానసిక వ్యాధి యున్నదని తేలినంత మాత్రమున, న్యాయస్థానము ప్రకటించిననే తప్ప, మనిషి మతిస్థిమితము లేనివాడని భావింపరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. మూడవది, నయమగునని ఎక్కడనో కట్టివేసి వచ్చుట. 2001 ఆగస్టు 6 వ తేదీన తమిళనాడులోని ఎర్వాడిలో నిప్పంటుకొనగా, గొలుసులతో కట్టబడిన రోగులు కదలలేక 28 మంది ప్రాణములు కోల్పోయిరి. గొలుసు వేయుటను పై చట్టము పూర్తిగ నిషేధించినది.

సాయము దూరమున లేదు. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మనోవైద్య విభాగము కలదు. 2022 అక్టోబరు 10 న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ అను ఉచిత సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగుననే మాటలాడవచ్చును. రోగి రానొల్లనిచో ఇంటివారైనను అడిగి సలహా పొందవచ్చును.

వైద్యుడు చేయజాలని పని యొకటి ఊరు చేయగలదు. అతని నమ్మకమును ఎగతాళి చేయక, వంతపాడక, “నీకట్లు తోచుట కష్టముగనే ఉండును” అని చెప్పినచో చాలును. ప్రశ్నలతో చుట్టుముట్టక, రోజుకొక్క పలకరింపు చేసినచో చాలును. మాట తప్పరాదు, చాటున నవ్వరాదు, శంక గలవానికి అవి గాయములు. గ్రంథాలయమున మాటలాడవలెనను నిర్బంధము లేదు. కావుననే బెదురుగలవానికి పదిమంది నడుమ కూర్చుండుటకు ఊరిలో ఇంతకంటె అనువైన తావు లేదు. గోడవారను ఒక కుర్చీ, అతడు కోరిన పుస్తకము, పేరు పెట్టి పిలుచు ఒక గొంతు అతనికై ఎల్లప్పుడు ఉండవలెను. అట్టి ఔదార్యము ఈ గ్రంథాలయమున స్వర్ణోత్సవము వరకును, ఆ పైనను నిలుచుగాక!