మంచం పక్కన డబ్బా: ఆసుపత్రిలో సప్లిమెంట్ల మేలు, కీడు
(సిబ్బంది ఆరోగ్య అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డైటీషియన్‌ను పిలిచారంటే బరువు తగ్గడం గురించి చెబుతుందని అనుకుంటారు. ఈరోజు ఆ మాట ఎత్తను. ఆసుపత్రిలో ఉన్నవాళ్లకు "బలానికి" అని మనం ఇచ్చే పొడులు, మాత్రలు, టానిక్కుల గురించి నాలుగు మాటలు చెబుతాను.

మా వార్డులో ఏ మంచం పక్కన చూసినా స్టూలు మీద రెండు కొబ్బరి బోండాలు, ఒక ప్రొటీన్ డబ్బా, ఎవరో చుట్టాలు తెచ్చిన విటమిన్ సీసా ఉంటాయి. అన్నీ ప్రేమతో తెచ్చినవే. అయితే వాటిలో ఏది రోగికి ఇస్తున్నారో నర్సు రాసుకునే చార్టులో ఉండదు. వోచరు లేని ఎంట్రీని మీరు ఒప్పుకోరు కదా! ఆసుపత్రిలో నోట్లోకి వెళ్లే ప్రతిదానికీ ఆ పద్ధతే ఉండాలన్నది నా అభిప్రాయం.

ముందు మేలు సంగతి. జబ్బు పడ్డ మనిషికి కిలో బరువుకు రోజుకు సుమారు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. అరవై కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. ఇప్పుడు ఆయన తినేది లెక్కేయండి. పొద్దున రెండు ఇడ్లీలు, అందులో నాలుగైదు గ్రాములు. మధ్యాహ్నం నాలుగు ముద్దల పెరుగన్నం. సాయంత్రం బ్రెడ్డు ముక్క, రాత్రికి జావ. గుడ్డు తింటే ఒక్కో గుడ్డుకు ఆరు గ్రాములు, కానీ సగం మంది వాసన పడదంటారు. స్కాన్ ఉందని ఒక పూట, రక్తపరీక్ష అని ఇంకో పూట ఖాళీ కడుపు. ఎలా కూడినా ముప్ఫై దాటదు. ఆ లోటును శరీరం తన కండలోంచే తీసుకుంటుంది. పది రోజుల తర్వాత జ్వరం పోయినా మనిషి లేచి బాత్‌రూమ్ దాకా నడవలేకపోవడానికి ఇదొక పెద్ద కారణం.

అలాంటివారికి సరైన పోషక ద్రవం నిజంగా ప్రాణం కాపాడుతుంది. స్విట్జర్లాండ్‌లో ఎనిమిది ఆసుపత్రుల్లో, పోషకాహార లోపం ముప్పు ఉన్న 2,088 మందిపై చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. సగం మందికి మామూలు ఆసుపత్రి భోజనం పెట్టారు. మిగతా సగం మందికి ఒక్కొక్కరి అవసరం లెక్కగట్టి, ముందు భోజనం సరిచేసి, అదీ చాలకపోతే సప్లిమెంటు ఇచ్చారు. ముప్ఫై రోజుల్లో మొదటి గుంపులో నూటికి పదిమంది చనిపోతే, రెండో గుంపులో ఏడుగురు. మందు మార్చలేదు, ఆపరేషన్ మార్చలేదు. తిండి చూసుకున్నారంతే. కాబట్టి "ఆ పొడులన్నీ డబ్బు దండగ" అనేవారితో నేను ఏకీభవించను. కాకపోతే డబ్బా వెనక ప్రొటీన్ ఎంత, చక్కెర ఎంత అన్న వరుస చదివి కొనండి. కొన్నిటిలో చక్కెరదే పెద్ద వాటా.

మరి కీడు ఎక్కడ? "కొంచెం మంచిదైతే ఎక్కువ ఇంకా మంచిది" అనుకునే చోట. ఐసీయూలో ఉన్నవారికి గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ మోతాదులో ఇస్తే కోలుకుంటారని ఒకప్పుడు వైద్యులే ఆశపడ్డారు. కెనడా, అమెరికా, యూరప్‌లలో నలభై ఐసీయూల్లో 1,223 మందిపై పరీక్షించి 2013లో ఫలితం ప్రచురించారు. గ్లుటమిన్ ఇవ్వనివారిలో నూటికి 31 మంది ఆసుపత్రిలో మరణిస్తే, ఇచ్చినవారిలో 37 మంది. శరీరంలో సహజంగా ఉండే పదార్థమే, అయినా అలా జరిగింది.

చాలా రోజులు తిండి లేనివారి సంగతి ఇంకా సున్నితం. వారికి ఒక్కసారిగా బలమైన ఆహారం పెడితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండె ఆగే ప్రమాదం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక విడుదలైన ఖైదీల్లో ఇది చూశారు. మద్యం అలవాటుతో చిక్కి శల్యమైనవారికి గ్లూకోజ్‌కన్నా ముందో, దానితో పాటో థయమిన్ ఇస్తారు, అదీ బి విటమినే. ఒకే విటమిన్ ఒకరికి అత్యవసరం, పక్క మంచంలో ఆయనకు అక్కర్లేదు.

ఇక మన ఇళ్ల నుంచి వచ్చేవి. కొబ్బరినీళ్లు. ఒక పెద్ద గ్లాసులో సుమారు 500 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. వాంతులు, విరేచనాలు అయినవారికి మంచిదే. కిడ్నీలు దెబ్బతిన్నవారికి, అందులోనూ బీపీకి టెల్మిసార్టాన్, రామిప్రిల్ వంటివి వాడేవారికి రోజుకు రెండు మూడు బోండాలు తాగిస్తే గుండె లయ తప్పవచ్చు. ప్రొటీన్ పొడి కూడా అంతే. డయాలిసిస్ మొదలుకాని కిడ్నీ రోగికి తగ్గించమంటాం, డయాలిసిస్ మీద ఉన్నవారికి పెంచమంటాం. "మా బాబాయికి ఇదే ఇచ్చారండీ" అని పక్కింటివాళ్లు చెబితే, ఆ బాబాయి ఏ దశలో ఉన్నారో అడగాలి.

గుండె కవాటం మార్చుకుని వార్‌ఫరిన్ వాడేవారికి ఇంకో చిక్కు. చాలా పోషక పొడుల్లో విటమిన్ కె ఉంటుంది. అది మందు పనిని తగ్గిస్తుంది. పొడి మొదలుపెట్టినా, మానేసినా డాక్టరుకు చెప్పి ఐఎన్‌ఆర్ పరీక్ష చేయించుకోవాలి.

జుట్టుకు వాడే మాత్రల గురించి చెబితే మీరు ఆశ్చర్యపోతారు. మనకు రోజుకు కావలసిన బయోటిన్ మైక్రోగ్రాముల్లో ఉంటే, ఈ మాత్రల్లో చాలాసార్లు 5, 10 మిల్లీగ్రాములు ఉంటుంది. దానివల్ల పెద్ద హాని లేదు కానీ, కొన్ని రక్తపరీక్షలు తప్పుగా వస్తాయి. గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్షలో ఉన్నదానికన్నా తక్కువ చూపించవచ్చు. అలా తప్పుగా తక్కువ వచ్చిన ఒక రోగి మరణించిన సంగతి కూడా చెబుతూ అమెరికా ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరిక ఇచ్చింది. ఛాతీ నొప్పితో వెళ్లినవారు జుట్టు మాత్ర గురించి చెప్పాలని ఎవరికి తోస్తుంది చెప్పండి? అందుకే ఇప్పుడే చెబుతున్నాను.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు క్యాల్షియం, ఐరన్ మాత్రలను నాలుగు గంటలు ఎడంగా వేసుకోండి. తిప్పతీగ కషాయం తాగేవారు కూడా ఆ సంగతి దాచవద్దు. కోవిడ్ కాలంలో అది తాగి కాలేయం దెబ్బతిన్న కొందరి గురించి ముంబై వైద్యులు 2021లో రాశారు.

ఆసుపత్రిలో చేరేటప్పుడు ఇంట్లో వాడే సీసాలు, డబ్బాలు అన్నీ ఒక సంచిలో వేసుకెళ్లి డ్యూటీ డాక్టరు ముందు పెట్టండి. కోప్పడితే పడనివ్వండి, చూడక తప్పదు. ఇంటికి పంపేటప్పుడు చీటీలో ప్రతి సప్లిమెంటు పక్కన ఎన్ని రోజులో రాయించుకోండి. ముఖ్యంగా విటమిన్ డి 60,000 యూనిట్లది. అది చాలామందికి వారానికి ఒక్కటే రాస్తారు. రోజుకొకటి అనుకుని వేసుకుంటూ పోతే రక్తంలో క్యాల్షియం పెరిగి, వాంతులతో, మతిమరుపుతో, కిడ్నీలు పాడై మళ్లీ మా దగ్గరికే వస్తారు. మీ ఇంట్లో పెద్దవాళ్ల మందుల డబ్బాలో అది ఉంటే, ఈ సాయంత్రం తీసి దాని మీద వారం పేరు రాసిపెట్టండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.